సమాధుల తోటలో చెట్లు కొట్టేస్తామంటున్నారు. బైబిల్లో తోటకి ఉన్న విలువేంటి?

పాస్టరుగారబ్బాయి · మార్చి 3, రాత్రి 9:40

అందరికీ వందనాలు.

మాది గుంటూరు జిల్లాలో చిన్న పల్లె సంఘం. ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన మా తాతల కాలం నుంచీ ఉంది. అంతకు ముందు వారం వెళ్ళి కలుపు పీకి, సమాధులకి సున్నం కొట్టి వస్తాం. ఈ ఏడు కమిటీవాళ్ళు తోటంతా చప్టా చేసి టైల్స్ వేయిద్దామని తీర్మానం చేశారు. దాత కూడా దొరికారు. అడ్డమొస్తున్నాయని నాలుగు వేపచెట్లు, ఒక పొగడ చెట్టు కొట్టేస్తారట. వాళ్ళు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. వేపవేళ్ళకి రెండు సమాధులు బీటలిచ్చాయి, రాలిన ఆకు ఊడ్చే దిక్కు లేదు, వానాకాలం పాముల భయం.

ఈసారి ఈస్టర్ వర్తమానం నన్ను చెప్పమన్నారు నాన్నగారు. యోహాను 19:41 చదువుతూ ఆగిపోయాను: "ఆయనను సిలువ వేసిన స్థలములో ఒక తోట యుండెను." మత్తయి, మార్కు, లూకా సమాధి గురించి రాశారు గానీ తోట ఊసెత్తలేదు. యోహాను ఒక్కడే ఎందుకు చెప్పినట్టు? ఏదెను, గెత్సేమనే, సమాధి తోట అని మూడూ కలిపి ప్రసంగాల్లో చెబుతుంటారు కదా, అది నిలబడుతుందా? చెట్లు కొట్టొద్దనడానికి వాక్యాధారం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

గ్రీకు_మేష్టారు · మార్చి 3, రాత్రి 10:55

తమ్ముడూ, రెండు ప్రశ్నలు ఒకదాంట్లో కలిపేశావు. విడదీద్దాం.

ముందు యోహాను. నువ్వు చూసింది నిజమే, ఇంకా ఉంది కూడా. 18:1లో యేసు శిష్యులతో కెద్రోను వాగు దాటి ఒక తోటలోకి వెళ్ళాడు. 18:26లో పేతురు ఎవరి చెవి నరికాడో వాడి బంధువు పేతురునే పట్టుకుని, నిన్ను తోటలో చూశాను కదా అని నిలదీశాడు. 19:41లో సమాధి. 20:15లో మగ్దలేనే మరియ ఎదురుగా నిలబడ్డ ప్రభువుని "తోటమాలి అనుకొని" మాట్లాడింది. పట్టుబడ్డదీ తోటలోనే, పాతిపెట్టబడ్డదీ తోటలోనే, లేచి మొదట కనబడ్డదీ తోటలోనే. ఇది యాదృచ్ఛికంగా రాసిన రాతలా నాకు అనిపించదు.

ఇంకో తమాషా చూడు. "గెత్సేమనే తోట" అని మనం నోరారా అంటామా, ఆ జంట ఏ సువార్తలోనూ లేదు. మత్తయి, మార్కు గెత్సేమనే పేరు చెప్పారు, తోట అనలేదు. యోహాను తోట అన్నాడు, పేరు చెప్పలేదు. లూకా ఒలీవల కొండ అని ఊరుకున్నాడు. కలిపి కుట్టుకున్నది మనం.

ఇక ఏదెను ముచ్చట. యోహాను ఎక్కడా ఏదెను పేరెత్తలేదు. ఆదామునీ క్రీస్తునీ పక్కపక్కన నిలబెట్టింది పౌలు, రోమా 5లో, 1 కొరింథీ 15లో. కాబట్టి "యోహాను ఇలా అన్నాడు" అని చెప్పకు. "సంఘం పూర్వం నుంచీ ఇలా చదువుకుంది" అని చెప్పు. వినేవాళ్ళకి తేడా తెలియకపోవచ్చు, చెప్పేవాడికి తెలియాలి.

చెట్లకి వాక్యాధారం అంటావా, తోట అనగానే పవిత్రం అనుకుంటే యెషయా దగ్గర బోల్తా పడతావు. 1:29, 65:3 తీసి చూడు. తోటల్లో చేరి అన్యదేవతలకి బలులిస్తున్నారని ప్రవక్త మండిపడ్డాడు. మనష్షే అంతటి దుర్మార్గపు రాజుని పాతిపెట్టిందీ తోటలోనే, 2 రాజులు 21:18.

---

బెజవాడ_బాబు · మార్చి 3, రాత్రి 11:20

మంచి టాపిక్ అన్నా. ఫాలో అవుతున్నా.

---

డెల్టా_రైతు · మార్చి 4, ఉదయం 5:50

బాబూ, మేష్టారివి చదువుకున్నవారి మాటలు. నేను చేలో నిలబడి చెబుతా.

ఆదికాండము 2:15 చూడు. దేవుడు నరుణ్ణి తోటలో పెట్టింది "దాని సేద్యపరచుటకును దాని కాచుటకును". ఇది పాపం రాకముందు మాట. ముళ్ళతుప్పలూ నుదుటి చెమటా వచ్చింది 3వ అధ్యాయంలో. పని అంతకు ముందే ఉంది. మన ఇళ్ళల్లో గోడ క్యాలెండర్ల మీద ఏదెను బొమ్మ ఎలా ఉంటుంది? ఆదాము, హవ్వ, ఒక లేడిపిల్ల, వెనక జలపాతం. ఎవరి చేతిలోనూ పార ఉండదు. ఆ బొమ్మలు గీసినవాళ్ళు ఒక్క ఎండాకాలం తోట కాసి ఉంటే అలా గీయరు.

నీళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. ద్వితీయోపదేశకాండము 11:10లో మోషే జనానికి ఐగుప్తుని గుర్తుచేస్తాడు: అక్కడ కూరతోటకి కట్టినట్టు కాళ్ళతో నీళ్ళు కట్టుకునేవాళ్ళు మీరు అని. కాళ్ళతో నీళ్ళేంటని పట్నం పిల్లలు అడుగుతారు. మడి కట్టినవాడికి ఆ ప్రశ్న రాదు. మడమతో గట్టు తెంచితే బోదెలో నీళ్ళు మడిలోకి తిరుగుతాయి, మడి నిండగానే అదే పాదంతో బురద ఎగదోసి అదిమి మూసేస్తాం, నీళ్ళు పక్క మడికి పోతాయి. చేత్తో పార పట్టుకుని ఉన్నా సగం పని కాలే చేస్తుంది. కొందరు వ్యాఖ్యాతలు ఇది నీళ్ళు తోడే యంత్రం తొక్కడం అని రాశారు. నా ఓటు మాత్రం మడి తెంచడానికే. అలాంటి కాలవ నీళ్ళ దేశం నుంచి వాన మీద బతికే కొండల దేశానికి పోతున్నారని మోషే చెప్పడం. అక్కడ కూర్చుని యెషయా 58:11లో "నీరు కట్టిన తోట" అంటే, ఎంత పెద్ద దీవెనో చూడండి. మా కాలవ ఆయకట్టు చివరి రైతుని అడిగితే చెబుతాడు.

ఇక నువ్వడిగిన ఆధారం. ఆదికాండము 23 తియ్యి. శారా పోయినప్పుడు అబ్రాహాము ఆమెని పాతిపెట్టడానికి మక్పేలా గుహని 400 తులాల వెండికి కొన్నాడు. 17వ వచనంలో ఏం కొన్నాడో దస్తావేజులో రాసినట్టే ఉంది: పొలం, అందులో గుహ, ఆ పొలిమేర లోపలున్న చెట్లన్నీ. బైబిల్లో మొట్టమొదట కొన్న సమాధి స్థలం కాగితంలో చెట్లు కూడా లెక్కకొచ్చాయి. మీ కమిటీకి ఇది వినిపించు.

---

గ్రీకు_మేష్టారు · మార్చి 4, ఉదయం 8:15

రైతుగారూ, దస్తావేజు పాయింటు అదిరింది. అయితే అది ఆస్తి లెక్క. చెట్లు కొట్టకూడదని అక్కడ లేదు.

తమ్ముడూ, నిజం చెబుతున్నా. చెట్టు కొట్టొద్దనడానికి యోహాను సువార్త దాకా పోనక్కర్లేదు. ఏప్రిల్లో పదింటికి ఎవరినైనా పాతిపెట్టడానికి వెళ్ళి చూడమను, నీడ ఎందుకో తెలుస్తుంది. వాక్యాన్ని వకీలులా వాడుకోవడం అలవాటైతే రేపు అవతలివాళ్ళు యెషయాని తెచ్చి వాదిస్తారు.

---

గుణదల_మేరీ · మార్చి 4, మధ్యాహ్నం 2:30

మేష్టారండీ, మీ ప్రొటెస్టెంట్లు అంతా వచనం వచనం చూస్తారు. రెండు వేల ఏళ్ళలో సంఘం ఏం చేసిందో కూడా చూడండి మరి.

మగ్దలా మరియమ్మ తోటమాలి అనుకోవడం గురించి ఆరో శతాబ్దం చివర్లో పోపు మహా గ్రెగోరీ ఒక ప్రసంగంలో చెప్పారు: పొరబడి కూడా ఆమె పొరబడలేదు, ఆమె గుండెలో విత్తనాలు నాటినవాడు ఆయనే కదా అని. ఆ మాట చిత్రకారులకి బాగా పట్టుకుంది. ఫ్లోరెన్సులో సాన్ మార్కో మఠంలో ఫ్రా ఆంజెలికో గోడ మీద వేసిన బొమ్మలో లేచిన ప్రభువు భుజాన పార ఉంటుంది. రెంబ్రాంట్ 1638లో వేసిన దాంట్లో అయితే పెద్ద టోపీ, చేతిలో పార. రైతుగారడిగిన పార ఏదెను బొమ్మల్లో లేకపోయినా ఈస్టర్ బొమ్మల్లో ఉందండి.

పాస్టరుగారబ్బాయి అడిగిన దానికి నేరుగా పనికొచ్చేది ఇంకొకటి. స్విట్జర్లాండులో సెయింట్ గాల్ మఠం గ్రంథాలయంలో ఇంచుమించు 820 నాటి ఒక నక్షా ఉంది. తోలు మీద గీసిన మఠం ప్లాను. అందులో కూరగాయల మళ్ళు, మందుమొక్కల మళ్ళు విడివిడిగా గీసి ఏ మడిలో ఏ మొక్కో పేర్లు రాశారు. సన్యాసుల సమాధుల స్థలం పండ్లతోటే. ఆపిల్, పియర్, ప్లమ్, అత్తి, బాదం, మల్బరీ చెట్ల మధ్య మధ్యలో సమాధులు. నడిమధ్యన సిలువ. ఆ సిలువ చుట్టూ రాసిన లాటిన్ మాటల భావం ఇది: నేల మీది చెట్లన్నిటిలో ఈ సిలువే అతి పవిత్రం, నిత్యరక్షణ పండ్లు దీని మీద పరిమళిస్తున్నాయి. పేతురు గారి పత్రికలోనూ సిలువని మ్రాను అనే అన్నారు కదా. చనిపోయినవాళ్ళని పండ్లచెట్ల కింద పెట్టి, సిలువని కూడా ఆ చెట్లలో ఒకటిగా లెక్కేసుకున్నారు వాళ్ళు. కమిటీవాళ్ళకి దీని ఫోటో చూపించండి.

మా పునీతుల్లో తోటమాలి ఫోకాస్ అని ఒకాయన ఉన్నారు. నల్లసముద్రం ఒడ్డున సినోపే ఊళ్ళో, కూరగాయలు పండించి బాటసారులకి పెట్టేవాడు. క్రైస్తవులని చంపుతున్న రోజుల్లో ఆయన్ని వెతుక్కుంటూ సైనికులొచ్చి, తెలియక ఆయనింట్లోనే దిగారు. అన్నం పెట్టాడు, పడక వేశాడు. వాళ్ళు నిద్రపోయాక తోటలోకి వెళ్ళి తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. పొద్దున లేచాక, మీరు వెతికే ఫోకాస్‌ని నేనే అన్నాడు. వాళ్ళు వెనకాడితే తనే ఒప్పించాడని కథ. నాలుగో శతాబ్దం చివర్లో అమాసియా బిషప్ ఆస్టేరియస్ ఈ సంగతి ప్రసంగంగా చెప్పారు. నాకు ఇందులో ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ రాత్రి తవ్వకం. రోజూ కూరమళ్ళు తవ్విన చోటే, అదే పారతో తవ్వి ఉంటాడు.

---

కమిటీ_మెంబరు_సికింద్రాబాద్ · మార్చి 4, రాత్రి 8:05

అందరూ పుస్తకాలు బాగా చదివారు. ఇప్పుడు నా గోడు వినండి.

నేను మా సంఘంలో సమాధుల స్థలం చూసుకునే కమిటీలో ఉన్నా. మాకు మొన్నటి దాకా చెట్లూ గడ్డీ అన్నీ ఉండేవి. వానాకాలం ఒక సమాధి కార్యక్రమంలో పెట్టె మోసేవాళ్ళలో ఒకతను బురదలో జారాడు. పెట్టె వంగింది, చనిపోయినాయన భార్య అక్కడే కుప్పకూలింది. ఆ ఏడాదే దారంతా కాంక్రీటు చేశాం. చేతికర్ర పట్టుకున్న ముసలమ్మలు ఇప్పుడు వచ్చి భర్త సమాధి దగ్గర కూర్చుని పోతున్నారు. వేరు బీటలు తీసిన సమాధి బాగుచేయించమని ఆ కుటుంబం మా మీద పడితే డబ్బు ఎవరిస్తారు? పట్నంలో స్థలమే లేదు, పాత సమాధి తెరిచి అదే కుటుంబంలో ఇంకొకరిని పెడుతున్నాం. తోట అని పేరుంది కాబట్టి తోటలా ఉండాలంటే జరిగే పని కాదు.

టైల్స్ నాకూ ఇష్టం లేదు. వానకి జారతాయి. గరుకు కాంక్రీటు వేయించండి.

---

పాస్టరుగారబ్బాయి · మార్చి 4, రాత్రి 9:15

అన్నా, మీరు చెప్పిన పెట్టె సంగతి మా కమిటీ పెద్దలు కూడా ఇంచుమించు ఇలాగే చెప్పారు. దారి కాంక్రీటు చేయడానికి నాకేం అభ్యంతరం లేదు. గేటు నుంచి లోపలికి ఒక బాట, దాని చివర పెట్టె దించే చోటు, అంతవరకు చాలు కదా అనేది నా బాధ.

---

చదువరి_నల్గొండ · మార్చి 5, ఉదయం 11:00

నేను క్రైస్తవుణ్ణి కాను, చరిత్ర మీద ఇష్టంతో ఇటొచ్చాను. ఒక సందేహం. యోహాను తోట అన్నాడు సరే, ఆ చోట నిజంగా తోట ఉండేదని తవ్వకాల్లో ఏమైనా తేలిందా? యెరూషలేములో రెండు సమాధులు చూపిస్తారని విన్నాను.

---

హైఫా_అక్క · మార్చి 5, రాత్రి 7:45

నేను జగిత్యాల దిక్కు నుంచి ఇక్కడికి, ఇజ్రాయెల్‌కు, ముసలోళ్ళని చూసుకునే పనికి వచ్చిన. మాలాంటోళ్ళు ఇక్కడ మస్తు మంది ఉన్నరు. సెలవు దొరికితే యెరూషలేము పోయొస్తం. రెండు సమాధులూ చూసిన, గెత్సేమనే చూసిన. చూసింది చెప్త.

గెత్సేమనే మనం అనుకున్నంత పెద్దది కాదు. ఫ్రాన్సిస్కన్ ఫాదర్లది. ఎనిమిది ఒలీవ చెట్లు, చుట్టూ ఇనుప కంచె. లోపలికి పోనియ్యరు, చుట్టూ బాట మీద తిరిగి చూడాలె. మొద్దులు చూస్తే భయమేస్తది, అంత లావు, మెలికలు తిరిగి, నడిమిట్ల డొల్ల. ఆ ముసలి మొద్దు మీదికెల్లి సన్నగ పచ్చ కొమ్మలు లేచినయ్. కంచె బయట రోడ్డు, బస్సుల హారన్లు. పక్కనే పెద్ద చర్చి. లోపల చీకటిగ ఉంటది, కిటికీల అద్దాలు ఊదా రంగువి. ఆ రాత్రి లెక్క ఉండాలని అట్ల కట్టిన్రట. బలిపీఠం ముందట బండ ఉంది, జనం దాని మీద తల పెట్టి ఏడుస్తరు. నేనూ పెట్టిన.

గార్డెన్ టూంబ్ అంటరు, అది దమస్కు గుమ్మం అవతల. గేటు దాటి లోపలికి పోతే పూల మొక్కలు, నీడ, బెంచీలు, ఎవరి భాషల వాళ్ళు పాటలు పాడుకుంట కూసుంటరు. బండల తొలిచిన సమాధి ఖాళీ. దాని తలుపు మీద "ఆయన ఇక్కడ లేడు, లేచియున్నాడు" అని ఇంగ్లీషుల రాసుంది. గోడ కిందనే బస్ స్టాండు. నిజం చెప్తే ప్రార్థన చేసుకోబుద్ధయేది అక్కడనే. పాత చర్చి, అదే పరిశుద్ధ సమాధి చర్చి, లోపల ఒకటే తోపులాట, చీకటి, పొగ. తోట అనే ఆనవాలే కనిపియ్యదు.

---

గ్రీకు_మేష్టారు · మార్చి 5, రాత్రి 10:30

అక్కా, చూసినట్టే రాశారు. నల్గొండ మిత్రుడి ప్రశ్నకి అసలు ముడి ఇక్కడే ఉంది: తోటలా కనిపించే చోటు అది కాకపోవచ్చు, తోటలా కనిపించనిదే ఆ చోటు కావచ్చు.

గార్డెన్ టూంబ్‌ని 1883లో జనరల్ గోర్డన్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆ కొండ ఆకారం పుర్రెలా ఉందని, గొల్గొతా అంటే కపాల స్థలమే కదా అని చెప్పి ప్రచారంలోకి తెచ్చాడు. పెద్ద నీటి తొట్టి, ద్రాక్షగానుగ కూడా దొరికాయి కాబట్టి పూర్వం సాగు జరిగిన నేలే. అయితే ఆ సమాధిని పరిశీలించిన ఇజ్రాయెల్ పురావస్తువేత్త గాబ్రియేల్ బార్కే అది యేసు కాలానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే తొలిచిందని తేల్చాడు. యోహాను చెప్పింది ఎవరినీ ఉంచని కొత్త సమాధి.

పరిశుద్ధ సమాధి చర్చి ఇప్పుడు పాత పట్టణపు గోడల లోపల ఉంది గానీ యేసు కాలానికి ఊరి బయటే. క్రీ.శ. 40ల్లో హేరోదు అగ్రిప్ప రాజు కొత్త గోడ కట్టాక లోపలికొచ్చింది. 350 ప్రాంతంలో యెరూషలేము బిషప్ సిరిల్ అదే చర్చిలో బాప్తిస్మానికి సిద్ధమవుతున్నవాళ్ళకి పాఠాలు చెబుతూ, ఇప్పుడు రాజుల కానుకలతో మెరిసిపోతున్న ఈ చోటు పూర్వం తోటే, దాని గుర్తులు ఇంకా మిగిలి ఉన్నాయి అన్నాడు. 2022లో ఆ చర్చి నేల రాళ్ళు మార్చడం మొదలుపెట్టారు, ఆ సందులో రోము సపియెంజా విశ్వవిద్యాలయం వాళ్ళు తవ్వకాలు చేశారు. కింద పాత రాతిక్వారీ, దాని మీద మట్టి నింపి చిన్న గోడలు కట్టి సాగుచేసిన ఆనవాళ్ళు. ఆ మట్టిలో ఒలీవ, ద్రాక్ష అవశేషాలు దొరికాయని 2025లో ప్రకటించారు. యేసుని అక్కడే పాతిపెట్టారని దీనివల్ల రుజువు కాదు. రాయి తీసేసిన క్వారీని జనం పడావు పెట్టకుండా తోట వేసుకున్నారని మాత్రం తెలుస్తోంది.

గెత్సేమనే చెట్లు యేసుని చూశాయని గైడ్లు చెబుతారు. 2012లో ఇటలీ శాస్త్రవేత్తలు మూడు చెట్ల కలపకి కార్బన్ పరీక్ష చేస్తే క్రీ.శ. 1092, 1166, 1198 నాటివని వచ్చింది. మొద్దు డొల్ల కాబట్టి పాత కలప పోయింది, వేళ్ళు ఇంకా పాతవి కావచ్చన్నారు. క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేము చుట్టూ చెట్లన్నీ నరికేసిందని ఆ కాలపు యూదు చరిత్రకారుడు యోసేఫస్ రాశాడు. అయితే ఒలీవని మొదలంటా నరికినా వేరు నుంచి చిగురేస్తుంది.

---

డెల్టా_రైతు · మార్చి 6, ఉదయం 6:10

ఆ పరీక్షలోనే ఇంకో సంగతి పేపర్లో చదివాను మేష్టారూ. ఎనిమిది చెట్లదీ ఒకే జన్యువు. అంటే ఒకే తల్లిచెట్టు కొమ్మలు తెచ్చి నాటారు. పిట్ట రెట్టలో గింజ పడి మొలిచినవైతే ఎనిమిదీ ఎనిమిది రకాలుగా ఉంటాయి. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఎవరో ఒక చెట్టుని ముఖ్యమనుకుని, దాని కొమ్మలే కోసి, ఎడం చూసుకుని నాటి, నీళ్ళు పోశారు. ఒలీవ కొమ్మ వేరు పట్టేదాకా వేసవిలో ఎవరో కాపు కాసి ఉండాలి. వాళ్ళ పేరు ఏ శిలాఫలకం మీదా లేదు.

లూకా 13లో తోటమాలి కూడా అంతే, పేరు లేదు. మూడేళ్ళుగా కాయని అంజూరపు చెట్టుని నరికెయ్యమని యజమాని అంటే, ఈ ఒక్క ఏడూ ఉండనియ్యండి, చుట్టూ తవ్వి ఎరువేస్తాను అంటాడు. తర్వాత కాసిందో లేదో కథలో చెప్పలేదు. నాకు ఆ కథ అక్కడ ఆపడమే నచ్చుతుంది.

---

చదువరి_నల్గొండ · మార్చి 6, మధ్యాహ్నం 12:20

చాలా థ్యాంక్స్ మేష్టారూ, అక్కా. బదులుగా నాకు తెలిసిందొకటి. బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో మిషనరీ విలియం కేరీ బైబిలు అనువాదాలతో పాటు పెద్ద తోట పెంచాడు. 1820లో వ్యవసాయ, ఉద్యానవన సంఘం పెట్టించాడు. మన సామర్లకోటలో తోట వేసి మొక్కల మీద పని చేసిన రాక్స్‌బర్గ్ తర్వాత కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాడు కదా, మన దేశపు మొక్కల మీద ఆయన రాసిన 'ఫ్లోరా ఇండికా'ని కేరీయే పరిష్కరించి అచ్చువేశాడు. 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా ఆ శ్రీరాంపూర్ నుంచే వచ్చాయి. 1823 వరదలో తోట కొట్టుకుపోతే మళ్ళీ వేయించాడు.

---

కమిటీ_మెంబరు_సికింద్రాబాద్ · మార్చి 6, రాత్రి 9:00

రైతుగారూ, అంజూరపు చెట్టు కథ బాగుంది గానీ మా వేపచెట్టు వేరు లూకాని చదవలేదు. సమాధి పగలకుండా చెట్టు ఉంచే ఉపాయం ఉంటే చెప్పండి, మాకూ పనికొస్తుంది.

---

డెల్టా_రైతు · మార్చి 7, ఉదయం 5:45

ఉంది. సమాధి దిమ్మెకి రెండడుగుల ఇవతల, చెట్టు వైపు, మోకాటి లోతున గాడి తవ్వండి. అడ్డమొచ్చిన వేళ్ళు పదునైన గొడ్డలితో శుభ్రంగా నరకండి, పీకొద్దు. గాడిలో పాత రేకు నిలువుగా దించి మట్టి పూడ్చండి. కొన్నేళ్ళ దాకా ఆ వైపు రాదు. ఒక ఏడు ఒక వైపే నరకాలి. నాలుగు వైపులా ఒకేసారి నరికితే తుఫాను గాలికి చెట్టు సమాధుల మీదే పడుతుంది, అప్పుడు మీ కమిటీ నన్ను తిడుతుంది. కింది కొమ్మలు కొట్టి పైకి లేపితే పామూ కనపడుతుంది, గాలీ ఆడుతుంది. పొగడ జోలికి మాత్రం పోవద్దు, అది నిదానంగా పెరుగుతుంది, పూలు ఉచితం. కొత్తగా నాటాలంటే సమాధుల మధ్య నందివర్ధనం, గన్నేరు చాలు. రావి, మర్రి మొలక కనిపిస్తే ఆ రోజే పీకెయ్యాలి.

---

పాస్టరుగారబ్బాయి · మార్చి 9, రాత్రి 10:10

నిన్న ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. ఆది 23:17 చదివాను. ఒక పెద్దాయన, "అబ్రాహాముకి ఊడ్చే దాసులుండేవారు, మనకెవరున్నారు?" అన్నారు. అందరూ నవ్వారు, నాకు జవాబు దొరకలేదు. తర్వాత యూత్‌వాళ్ళు నెలకో శనివారం ఊడుస్తామని లేచారు. ఎంతకాలం ఊడుస్తారో చూడాలి. చివరికి తేలింది: టైల్స్ లేవు, బాట గరుకు కాంక్రీటు, పొగడ ఉంటుంది, రెండు వేపలు ఉంటాయి. సమాధుల్ని పగలగొట్టిన రెండు వేపలు మాత్రం కొట్టేస్తారు. గాడి ఉపాయం చెప్పాను, ఆ రెండు కుటుంబాలవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ తల్లి సమాధి, వాళ్ళని ఏమనగలం?

వర్తమానానికి యోహాను 20 తీసుకుంటున్నా. ఏదెను ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తా మేష్టారూ, మీ మాట గుర్తుంది. ప్రకటన 22 కలపాలా వద్దా? అక్కడ జీవవృక్షం ఉంది కదా.

---

గ్రీకు_మేష్టారు · మార్చి 9, రాత్రి 11:00

కలుపుకో, కానీ మళ్ళీ ఏదెనుకి తిరిగి వెళ్ళిపోతామని మాత్రం చెప్పకు. ప్రకటనలో చివరికి దిగివచ్చేది పట్టణం. గోడలు, గుమ్మాలు, వీధి అన్నీ ఉన్నాయి. నది ఆ వీధి మధ్యన పారుతుంది, జీవవృక్షం దాని ఈ దరినా ఆ దరినా ఉంటుంది, నెలకో కాపు, ఆకులు జనాల స్వస్థతకి. మనుషులు కట్టుకునేదాన్ని కొట్టేసి దేవుడు తోట పెట్టలేదు, ఊరి నడుమనే చెట్టు నిలబెట్టాడు. సికింద్రాబాద్ అన్నకి ఈ వచనం నచ్చుతుందనుకుంటా, కాంక్రీటుకీ చోటుంది.

---

గుణదల_మేరీ · మార్చి 10, ఉదయం 9:25

మీ వర్తమానం అయ్యాక ఇక్కడ పెట్టండి బాబూ. మేము నవంబరు 2న సమాధుల పండుగకి వెళ్ళినప్పుడు మా ఫాదర్‌గారికి చూపిస్తా.

---

బెజవాడ_బాబు · మార్చి 10, రాత్రి 8:40

హైఫా అక్కా, మా అమ్మానాన్న హోలీల్యాండ్ టూర్‌కి వస్తున్నారు. ఏజెంటు ఇచ్చిన ప్రోగ్రాంలో గార్డెన్ టూంబ్ ఆదివారం పెట్టాడు. అక్కడ ఆరాధన చేసుకోవచ్చా?

---

హైఫా_అక్క · మార్చి 10, రాత్రి 10:05

తమ్మీ, ఆదివారం అది చూడనీకి వచ్చేటోళ్ళకు మూసుంటది. ఏజెంటుకు చెప్పి వేరే రోజుకు మార్పియ్యి. లోపలికి టికెట్ లేదు, పైసలు అడిగితే ఇయ్యొద్దు. గుంపుగ పోతే ముందుగాలనే రాసి పంపితే కూసునే జాగ ఇస్తరు, రొట్టె ద్రాక్షరసం కూడ అక్కడనే తీసుకోవచ్చు. అమ్మకు మోకాళ్ళ నొప్పులుంటే చెప్పు, గెత్సేమనే కాడ కొండ మీదికెల్లి నడిపించుకుంట దించుతరు, ఆ దిగుడు బాగ నిట్టనిలువు. బస్సు కిందనే ఆపమను.